నిప్పుచీమలు - పెరటి జాగ్రత్తలు

శివుని యాజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదని మన పెద్దల మాట. ఆ మాటయందు నాకు విశ్వాసము గలదు. కాని అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డల్లసు నగరమునకు ఉత్తరముగా నున్న మా అమ్మాయి యింటి పెరటిలో అడుగిడిన మొదటి వారముననే, అక్కడి చీమలకు ఆ యాజ్ఞ కొంచెము ధారాళముగా లభించినదేమో యని నాకు తోచినది.

మా మనుమరాలికి అప్పటికి రెండేండ్లు. ఏప్రిల్ మాసము. ముందునాడు వాన కురిసి నేల మెత్తబడియుండెను. పిల్ల చెప్పులు లేకుండ పచ్చికపై పరుగులు తీయుచు, జల్లెడ పట్టిన పిండివలె నున్న మట్టి కుప్ప నొకదానిని చూచి, దానిపై నెక్కి నిలిచి, "అమ్మమ్మా!" అని నన్ను పిలిచినది. నేను నవ్వుచు చూచుచునే యుంటిని. ఇంతలో కెవ్వున ఏడ్చినది. పోయి యెత్తుకొనునప్పటికి పాదములు మొదలు మోకాళ్ల వఱకు ఎఱ్ఱని సన్నచీమలు ప్రాకుచుండెను. తొందరలో మొక్కలకు నీళ్లు పట్టు గొట్టము తీసి ఆ కాళ్లపై నీళ్లు వదలితిని. చీమలు కొట్టుకొనిపోవుటకు మాఱుగా చర్మమును మఱింత గట్టిగా కఱచి పట్టుకొనినవి. అమ్మాయి పరుగున వచ్చి, "నీళ్లు వద్దమ్మా! చేత్తో దులుపు, గట్టిగా దులుపు!" అనుచు తానే దులిపినది. మఱునాటికి ఆ చిన్ని కాళ్లపై ఇరువది మూడు తెల్లని పొక్కులు లేచినవి. లెక్కపెట్టినదానను నేనే.

ఆ రాత్రి పిల్ల నిద్రపోయిన పిమ్మట, ఆ చీమలను వేరుతో గూడ నాశనము చేసిగాని యింటికి తిరిగి రానని పంతము పట్టితిని. ఆ పంతములో నేను చేసిన తప్పులును, తరువాత నేర్చుకొనిన సంగతులును సోదరీమణులకు చెప్పుట మంచిదని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఏలయన నేడు డల్లసు, హ్యూస్టను, ఆస్టిను, అట్లాంటా మొదలగు నగరముల చుట్టును మన తెలుగువారి కాపురములు వేలకొలది యున్నవి. కూతుళ్ల పురుళ్లకును, కోడళ్ల కాన్పులకును, మనుమల పెంపకమునకును మన యిండ్లనుండి తల్లులు, అత్తలు పోయి నెలల తరబడి యుండుట పరిపాటియైనది. పోవువారు ఆవకాయ జాడీతోబాటు ఈ నాలుగు మాటలును వెంట తీసికొనిపోయిన మేలు.

ఈ చీమ యెక్కడిది?

అక్కడి మనవారందఱు దీనిని ఫైర్ యాంట్ అనియే పిలుచుచున్నారు. కుట్టినచోట నిప్పు తగిలినట్లు మండును గావున మనము నిప్పుచీమ యనవచ్చును. టెక్సాసులో నెక్కడ చూచినను కనబడుచున్నను, ఇది ఆ నేలకు పుట్టినది కాదు. దీని జన్మస్థానము దక్షిణ అమెరికాలో బ్రెజిల్, పరాగ్వే, అర్జెంటీనా దేశముల నదీప్రాంతములు. 1930 తరువాతి సంవత్సరములలో ఓడ సరకులతో గూడ అలబామా రాష్ట్రమందలి మొబీల్ రేవున దిగినది. 1942లో ఆ యూర పదుమూడేండ్ల బాలు డొకడు తన యింటి సమీపమున నున్న ఖాళీ స్థలమున చీమల పుట్టలను పరిశీలించుచు వీనిని గుర్తించెను. ఆ బాలుడే తరువాత చీమల శాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ విల్సన్. ఆయన 2021లో కీర్తిశేషుడయ్యెను.

మొబీల్ రేవునుండి ఈ చీమ మొక్కల కుండీలలోని మట్టితోను, పచ్చిక చుట్టలతోను, గడ్డి మోపులతోను దక్షిణ రాష్ట్రములన్నిట వ్యాపించినది. 1972లో శాస్త్రజ్ఞులు దీనికి సొలెనాప్సిస్ ఇన్విక్టా అని పేరిడిరి. లాటిను భాషలో ఇన్విక్టా యనగా జయింపబడనిది. ఆ పేరు అసత్యము కాలేదు. 2001లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమునను, 2023లో ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమునను ఇది కనబడినది. వరదలు వచ్చినప్పుడు ఈ చీమలు వేలకొలది ఒకదానినొకటి పట్టుకొని తెప్పవలె కూర్చుకొని, రాణిని, పిల్లలను నడుమ నుంచుకొని నీటిపై తేలిపోవును. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టను నగరమును ముంచినప్పుడు వీధులలో ఇట్టి చీమల తెప్పలు తేలుచుండుటను జనులు కన్నులార చూచిరి.

పుట్టలోని సంసారము

శత్రువును గెలువదలచినవారు ముందు శత్రువు ఇంటి వ్యవహారము తెలిసికొనవలెను. నే నది తెలియకయే గరిటె పట్టి యుద్ధమునకు దిగితిని.

నిప్పుచీమల పుట్టకు పైన ద్వారము కనబడదు. మన చీమల పుట్టలకు నడుమ కన్న ముండును గదా! దీనికి రాకపోకలన్నియు నేల లోపలి సొరంగముల గుండ జరుగును. ఆ సొరంగములు పుట్టనుండి నాలుగు దిక్కులకు పలు గజముల దూరము సాగును. పైకి జానెడు కనబడిన పుట్టకు క్రిందికి నిలువెత్తు లోతు వఱకును అఱ లుండవచ్చును. బాగుగా ఎదిగిన పుట్టలో రెండు లక్షలకు పైగా చీమ లుండును. మన చేత చిక్కునవి, మనలను కుట్టునవి అన్నియు పనిచీమలు. అవి కొన్ని వారములో, కొన్ని నెలలో బ్రతికి చచ్చును. రాణి యట్లు కాదు. అది ఆఱేడు సంవత్సరములు జీవింపగలదు. దినమునకు వేయి గ్రుడ్లయినను పెట్టగలదు. కొన్ని పుట్టలలో నొకే రాణి యుండును. టెక్సాసు ప్రాంతమున పలువురు రాణులు గల పుట్టలును విస్తారముగా నున్నవి.

దీనినిబట్టి ఒక సంగతి తేటపడుచున్నది. మనము నేలమీద వేయి చీమలను చంపినను, రాణి బ్రతికియున్న యెడల ఆ లోటు ఒకటి రెండు దినములలో పూడిపోవును. రాణిని చేరని ప్రతి ప్రయత్నమును మన ప్రయాసమే గాని చీమకు నష్టము కాదు.

మఱియొక సంగతి కూడ స్త్రీలు గ్రహింపదగినది. ఎదిగిన చీమ గట్టి పదార్థమును మ్రింగజాలదు. దాని కంఠము ద్రవములకు మాత్రమే తెఱచుకొనును. పనిచీమలు తెచ్చిన గట్టి యాహారమును పుట్టలోని ఎదిగిన పిల్లపురుగులకు పెట్టును. ఆ పిల్లపురుగులు దానిని జీర్ణము చేసి ద్రవముగా మార్చి తిరిగి పనిచీమల కిచ్చును. ఒకటి త్రాగినది మఱియొకదానికి నోటితో నందించుచు, చివఱకు రాణి నోటి వఱకు చేర్చును. ఆ యింట పిల్లలే వంటవారన్నమాట! ఈ పంక్తిభోజనమే నిప్పుచీమకు బలము. మనకు దారి చూపునదియు నదియే.

నేను చేసిన తప్పులు

మొదట మన యింటి వైద్యములన్నియు ప్రయోగించితిని. గడపకు పసుపు గీచినట్లు పుట్ట చుట్టును పసుపు చల్లితిని. కారము చల్లితిని. చీమలు రెండు దినములు ప్రక్కదారిన నడచి, మూడవనాడు పసుపును తమ మట్టితోనే కప్పినవి.

అక్కడివారిలో మొక్కజొన్న రవ్వ చల్లినచో చీమలు తిని, కడుపులో రవ్వ ఉబ్బి, పగిలి చచ్చునని యొక నమ్మకము గలదు. అది విని నేను బొంబాయి రవ్వ సోలెడు చల్లితిని. గట్టి పదార్థమును మ్రింగజాలని చీమకు కడుపు పగులుట యెట్లు? ఆ రవ్వ చీమల పిల్లలకో, పిట్టలకో విందైనది. వంటసోడా, సోడానీళ్లు, వెనిగరు కూడ పుట్టను నశింపజేయజాలవు. ఒక పుట్ట మట్టి పారతో తీసి మఱియొక పుట్టపై వేసినచో రెండును పోరాడి చచ్చుననుటయు వట్టి మాటయే.

మన దేశమున అంగళ్లలో దొరకు చీమల సుద్దముక్కలు రెండు నేను పెట్టెలో పెట్టుకొనిపోయి యుంటిని. అమ్మాయి చూచి, "అమ్మా, ఇవి ఇక్కడ అమ్మటమే నేరం. పిల్ల బలపం అనుకొని నోట్లో పెట్టుకొంటే ఏం చేస్తాం?" అని మందలించినది. ఆ మాట నిజము. తెల్లని సుద్దవలె నుండు పురుగుమందు ఆ దేశమున నిషిద్ధము. పలకపై వ్రాయు బలపమునకును దానికిని పసిపిల్లలకు భేదము తెలియదు. పసిపిల్లలున్న యింట అట్టిది ఏ దేశమందైనను ఉంచదగదు. ఆమె దానిని కాగితమున చుట్టి, ఊరివారు విషపదార్థములు తీసికొను చోట అప్పగించినది.

కొందఱు పుట్టలో పెట్రోలు పోయుదురట. అంతకంటె మూర్ఖత మఱి లేదు. నిప్పంటుకొనుట యొక ప్రమాదము, నేల చెడుట రెండవది, భూమిలోని నీరు విషమగుట మూడవది. అట్లు చేయుట చట్టవిరుద్ధము గూడ.

తుదకు మఱగు నీళ్లు పోసితిని. ఇది పూర్తిగా తప్పు పద్ధతి కాదు, నేను చేసిన విధము తప్పు. మిట్టమధ్యాహ్నపు టెండలో, రాణి చల్లదనమునకై లోతునకు దిగియున్న వేళ, ఒక చిన్న గిన్నెడు నీళ్లు తెచ్చి, ముందు కఱ్ఱతో పుట్టను కదిలించి పోసితిని. పుట్ట కదలగానే పనిచీమలు రాణిని మఱింత లోపలికి తప్పించును. వారము గడచునప్పటికి అక్కడికి మూడు బారల దూరమున క్రొత్త పుట్ట లేచినది. నీళ్లు చింది నా పాదము బొబ్బలెక్కినది. పచ్చిక మాడి తట్టంత చోటు బోడియైనది.

మఱగు నీటినే వాడదలచినవారు, చల్లని ఉదయమున ఎండ పుట్టపై పడుచున్న వేళ పోవలెను. అప్పుడు రాణియు, పిల్లలును వెచ్చదనమునకై పైభాగమునకు వచ్చియుందురు. పుట్టను త్రొక్కక, కదిలింపక, ఒక పుట్టకు పదకొండు లీటర్లకు తక్కువ గాకుండ నెమ్మదిగా పోయవలెను. అట్లు చేసినను పది పుట్టలలో ఆఱు మాత్రమే నశించునని అక్కడి వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మిగిలినవానికి మఱల పోయవలసియుండును. పిల్లలను లోపల నుంచి, కాళ్లకు బూట్లు తొడిగి, సాయమునకు మఱియొకరుండగానే ఈ పని చేయవలెను. మొక్కల మొదళ్ల దగ్గఱ పోసినచో మొక్కయు చచ్చును.

ఒక దేశము చేసిన తప్పు

నా తప్పు ఒక పెరటితో పోయినది. ఇట్టి తొందరపాటునే ఒక దేశము చేసిన కథ యున్నది. దానిని తెలిసికొనిన పిమ్మట నా పంతము కొంత చల్లాఱినది.

1957లో అమెరికా ప్రభుత్వము ఈ చీమను తమ దేశమున లేకుండ చేయ నిశ్చయించి 24 లక్షల డాలర్లు కేటాయించినది. డీల్డ్రిన్, హెప్టాక్లోర్ అను తీవ్ర విషములను విమానములనుండి పొలములపై, అడవులపై, పల్లెలపై చల్లిరి. పక్షులు, కుందేళ్లు, చిన్న జంతువులు విస్తారముగా చచ్చినవి. 1962లో రేచెల్ కార్సన్ అను విదుషీమణి తన సైలెంట్ స్ప్రింగ్ అను గ్రంథమున ఈ యుద్ధమును తీవ్రముగా ఖండించినది. ఆ సంవత్సరముననే మిరెక్స్ అను మఱియొక విషమును నూనెతో కలిపి, మొక్కజొన్న కండెల పొడికి పట్టించి ఎరగా చల్లసాగిరి. అది పది కోట్లకు పైబడిన ఎకరములపై పడినది. ఆ విషము నేలలో కరగిపోక నిలిచియుండి, చేపలలోను, పక్షులలోను, తుదకు మనుష్యుల శరీరములందలి క్రొవ్వులోను కనబడినది. 1978 నాటికి దాని వాడుకను నిషేధించిరి.

ఇంత చేసినను చీమ పోలేదు సరికదా, మునుపటికంటె ఎక్కువ నేల నాక్రమించినది. కారణ మేమన, ఆ విషములు నిప్పుచీమతోబాటు ఆ నేలకు సహజములైన మంచిచీమలను గూడ చంపినవి. ఎగిరివచ్చి క్రొత్త కాపురము పెట్టబోవు నిప్పుచీమ రాణులను పట్టి చంపునవి ముఖ్యముగా ఆ మంచిచీమలే. కావలివారు చచ్చిన యింటికి దొంగయే ముందు చేరును. ఖాళీయైన నేలను త్వరగా నాక్రమించుటలో నిప్పుచీమకు సాటి లేదు. టెక్సాసు రాష్ట్రమునకు చిహ్నముగా 1993లో ఎన్నుకొనబడిన కొమ్ముబల్లి యొకటి గలదు. దాని ముఖ్యాహారము ఆ దేశపు గింజలేరు ఎఱ్ఱచీమలు. అవి తగ్గిన కొలది ఆ బల్లియు అరుదైనది.

కావున పెరటిలో కనబడిన ప్రతి చీమపైనను విషము చల్లు ఇల్లాలు, తెలియకయే నిప్పుచీమకు దారి శుభ్రము చేయుచున్నది.

రెండు మెట్ల పద్ధతి

నా అవస్థ చూచి ప్రక్కయింటి పెద్దావిడ యొకనాడు గోడ దగ్గఱకు వచ్చినది. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి, టెక్సాసులోనే పుట్టి పెరిగినది. అమ్మాయి మా యిద్దఱి నడుమ దుబాసి పని చేసినది. ఆ పెద్దావిడ చెప్పిన పద్ధతినే అక్కడి విశ్వవిద్యాలయముల వ్యవసాయ శాఖలవారును రెండు మెట్ల పద్ధతి యని బోధించుచున్నారు.

మొదటి మెట్టు ఎర. సోయా నూనెలో కొలది మందు కలిపి, ఆ నూనెను మొక్కజొన్న నూకకు పట్టించి డబ్బాలలో అమ్ముదురు. పనిచీమలు దానిని ఆహార మనుకొని మోసికొనిపోయి, నూనెను పీల్చి, నేను పైన చెప్పిన పంక్తిభోజనమున రాణి వఱకు తామే అందించును. మందు వెంటనే చంపదు. చంపినచో మోయుచీమ దారిలోనే చచ్చి రాణి బ్రతుకును. ఆలస్యమే దీని గుణము. హైడ్రామిథైల్నాన్, స్పైనోసాడ్ అను మందులు గల ఎరలు కొన్ని వారములలో పనిచేయును. మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ అనునవి చీమలను చంపవు. రాణి సంతానము పనిచీమలుగా ఎదుగకుండ చేయును. వీని ఫలము కనబడుటకు నెలలు పట్టును గాని ఎక్కువ కాలము నిలుచును.

ఎర చల్లుటలో స్త్రీలు గమనింపవలసిన నియమములు ఇవి:

ఒకటి. చీమలు మేతకు తిరుగు వేళనే చల్లవలెను. తెలిసికొనుట సులభము. పుట్ట దగ్గఱ నూనెలో వేచిన ఆలుగడ్డ చిప్పు నొకదానిని పెట్టి అరగంట లోపల చూడవలెను. చీమలు మూగినచో అదియే తగిన సమయము. చిప్పు దొరకని యొకనాడు నేను వేయించిన వడియము పెట్టితిని, దానికిని వచ్చినవి. సామాన్యముగా వేడి 21 మొదలు 32 డిగ్రీల సెల్సియస్ వఱకు నున్నప్పుడు అవి చక్కగా తిరుగును. వేసవిలో సాయంకాలము చల్లుట మంచిది.

రెండు. నేల పొడిగా నుండవలెను. తరువాత ఒకటి రెండు దినములు వాన రాకూడదు, నీళ్లు పట్టకూడదు. తడిసిన ఎరను చీమ ముట్టదు.

మూడు. ఎర తాజాగా నుండవలెను. మన నువ్వుల నూనె ముక్కినచో మనము ముట్టనట్లే చీమయు ముట్టదు. కావలసినంతయే కొనవలెను. ఎరువుల ప్రక్కనో, పెట్రోలు డబ్బా ప్రక్కనో ఉంచినచో ఆ వాసన పట్టి పనికిరాకుండ పోవును.

నాలుగు. పుట్ట నెత్తిన పోయరాదు. పెరడంతట పలుచగా చల్లవలెను. ఎకరమునకు ఒకటి మొదలు ఒకటిన్నర పౌను చాలును. అనగా పావు ఎకరము పెరటికి 110 మొదలు 170 గ్రాములు మాత్రమే. మనకు పిడికిళ్లతో చల్లు నలవాటు. ఇక్కడ అది పనికిరాదు. చేతితో త్రిప్పు చిన్న చల్లుడు యంత్రము నుపయోగింపవలెను. డబ్బాపై వ్రాసిన కొలతయే ప్రమాణము. అంతకు మించుట వలన ఫలము పెరుగదు, విషము పెరుగును.

ఐదు. కూరల మడులలో చల్లుటకు అన్ని ఎరలును తగవు. అక్కడి మనవారు పెరటిలో గోంగూర, బెండ, వంగ పెంచుకొనుచున్నారు. నిప్పుచీమలు బెండ మొగ్గలను, పూలను కొఱుకును గావున అక్కడను మందు వేయవలెనని తోచును. కూరమడులకు తగునని డబ్బాపై స్పష్టముగా వ్రాసియున్నదానినే వాడవలెను.

రెండవ మెట్టు, కొన్ని దినములు గడచిన పిమ్మట, వాకిటను, పిల్లలాడుకొను చోటను, చల్లని గాలి యంత్రము పెట్టె దగ్గఱను మిగిలిన పుట్టలకు మాత్రము విడివిడిగా మందుగాని, మఱగు నీరుగాని పోయుట. మిగిలినవానిని ఎరకే వదలి ఓపిక పట్టవలెను. ఈ విధముగా వసంతమున నొకసారి, శరత్తున నొకసారి చేసినచో పెరడు అదుపులో నుండును. ఎకరమునకు ఇరువదికంటె తక్కువ పుట్టలున్న చోట పెరడంతట చల్లక, పుట్ట పుట్టకు వేఱుగా చూచుకొనుటయే మేలని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అట్లు చేసినచో మంచిచీమలు బ్రతికి మన పక్షమున కావలి కాయును.

మా అమ్మాయి యింట ఎర చల్లిన నాలుగవ వారమునకు పదునొకండు పుట్టలలో తొమ్మిది నిశ్శబ్దమైనవి. మిగిలిన రెండింటికి ఉదయపు వేళ మఱగు నీరు, ఈసారి తగిన విధముగా, పోసితిమి. అయినను మఱుసటి వసంతమున ఒక వాన వెలిసిన మఱునాడు రెక్కల రాణులు ఎగిరివచ్చి క్రొత్త కాపురములు పెట్టెనని అమ్మాయి ఫోనులో చెప్పినది. "మళ్లీ చిప్పు పెట్టి చూశానమ్మా," అన్నది. ఇది ఒక్కసారి చేసి మఱచు పని కాదు. ఇల్లు ఊడ్చుటవంటిది.

కుట్టినప్పుడు

నిప్పుచీమ ముందు దవడలతో చర్మమును పట్టుకొని, తోక చివరి ముల్లుతో చుట్టు తిరుగుచు పలుమారులు కుట్టును. కావున తడవక వెంటనే గట్టిగా దులుపవలెను. తడియో, నీళ్లో చాలవు. బట్టలలో దూరియున్నచో బట్టలు తీసివేయవలెను. తరువాత సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ నుంచవలెను. ఒక దినము లోపల తెల్లని పొక్కు లేచును. అది చీమువలె కనబడును గాని చీము కాదు. దానిని చిదుపరాదు. చిదిపినచోటనే గోళ్ల మురికి చేరి నిజమైన పుండగును. పసిపిల్లల గోళ్లు కత్తిరించుట, రాత్రులు చేతులకు మేజోళ్లు తొడుగుట మంచిది. దురద ఎక్కువైనచో వైద్యుని యడిగి మందు వాడవలెను.

కొందఱికి ఈ విషము పడదు. కుట్టిన కొలది నిమిషములకు ఒంటినిండ దద్దుర్లు, పెదవులు లేక గొంతు వాచుట, ఊపిరి ఆడకపోవుట, కన్నులు తిరుగుట కనబడినచో అది ప్రాణాపాయము. ఇంటి వైద్యము చేయుచు ఒక్క నిమిషమైనను జాగు చేయరాదు. అమెరికాలో 911కును, మన దేశమున 108కును ఫోను చేయవలెను. ఎపినెఫ్రిన్ సూదిమందు అట్టివారిని కాపాడును. భాష రాని తల్లులు పిల్లలతో ఒంటరిగా నుండు సమయములు గలవు గావున, ఆ మూడంకెలును, ఇంటి చిరునామాయు పెద్ద యక్షరములతో వ్రాసి వంటింట అంటించుకొనవలెను. నేను చేసిన పనులలో మా అల్లుడు మెచ్చుకొన్నది ఇదొక్కటియే.

మన యింట

ఈ చీమకు జ్ఞాతి యొకటి మన దేశమునను గలదు. సొలెనాప్సిస్ జెమినేటా యని దాని పేరు. దాని పుట్టిల్లు అమెరికా ఖండమందలి ఉష్ణప్రాంతము. నాలుగు వందల యేండ్లకు మునుపే స్పెయిన్ దేశపు ఓడలలో మెక్సికోనందలి అకపుల్కో రేవునుండి మనీలా చేరి, అక్కడినుండి తూర్పు దేశములకు ప్రాకెనని 2015లో శాస్త్రజ్ఞులు దాని వంశలక్షణములను పరీక్షించి తేల్చిరి. ఇది గింజలను ఏఱుకొనును, మొక్కల రసము పీల్చు పేనుబంకకు కాపు కాయును, కుట్టినచో మండును. దీనికిని సూత్రము ఒక్కటియే: నేలమీది చీమను చంపి ప్రయోజనము లేదు, రాణిని చేరవలెను. పొలమునకు తెచ్చిన మందు మిగిలినదని వాకిట చల్లుట మన యిండ్లలో జరుగుచున్నది. పిల్లలు ప్రాకు చోట, కోళ్లు మేయు చోట అట్టి పని ఎన్నడును చేయరాదు.

ఇక కుట్టని చీమల మాట. మన పెద్దలు వాకిట వరిపిండితో ముగ్గు పెట్టుటలో చీమలకింత పెట్టు పుణ్యము గూడ గలదని చెప్పుదురు. టెక్సాసునుండి తిరిగివచ్చిన మఱునాడు నేను వాకిట ముగ్గు పెట్టుచుండగా చిన్న నల్లచీమలు బారులు తీర్చి వచ్చి పిండి రేణువులు మోసికొనిపోవుచుండెను. అవి నేల నెంతగా కాచుచుండునో దూరదేశము పోయి నేర్చుకొనవలసివచ్చినది. మా మనుమరాలు ఇప్పుడు పెరటిలోనికి పోవునప్పుడు తానే బూట్లు తెచ్చుకొని, మట్టి కుప్ప కనబడినచో వ్రేలు చూపి, "అమ్మమ్మా, చీమ యిల్లు!" అని ఫోనులో నాకు చూపుచున్నది. ఎక్కి నిలుచుట మాత్రము మానినది.